తేనె మునిగింది, ఆముదం తేలింది: ద్రవాల సాంద్రతను పిల్లలకు ప్రయోగాలతో చెప్పడం

ఏడో తరగతి పిల్లలకు సాయంత్రం పూట పాఠాలు చెబుతున్నాననీ, గాజు గ్లాసులో తేనె, నీళ్లు, నూనె పొరలుగా పోసి చూపిస్తే ఎంతో సంబరపడ్డారనీ, మరునాడు సాంద్రత అంటే ఏమిటని అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పలేకపోయారనీ మీరు రాశారు. నా అనుభవంలో ఆ లోపం మీ బోధనలో కంటే ఆ ప్రయోగంలోనే ఎక్కువగా ఉంది. కృష్ణా డెల్టాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇరవై రెండేళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. మొదటి నాలుగైదేళ్లు నేనూ ఆ పొరల గ్లాసుతోనే పాఠం మొదలుపెట్టేవాణ్ణి.

ఒకసారి యూనిట్ పరీక్షలో "నూనె నీటిపై ఎందుకు తేలుతుంది?" అని అడిగితే సుమారు సగం మంది "నూనె చిక్కగా ఉంటుంది కాబట్టి" అని రాశారు. మిగిలినవారిలో చాలామంది "నూనె పల్చగా ఉంటుంది కాబట్టి" అని రాశారు. ఆ జవాబుపత్రాలు ముందు పెట్టుకుని చాలాసేపు ఆలోచించాను. రెండు జవాబులూ పైకి పరస్పర విరుద్ధంగా కనిపించినా, వాటిలోని పొరపాటు ఒకటే: ద్రవం ఎలా పారుతుందో చూసి అది ఎంత బరువైనదో చెప్పేయడం. ఇందులో మన భాష పాత్ర కూడా కొంత ఉంది. సాంద్రం అనే సంస్కృత పదానికి చిక్కనిది, దట్టమైనది అనే అర్థాలు ఉన్నాయి. పాలు చిక్కగా ఉన్నాయన్నా, పులుసు చిక్కబడిందన్నా, పాకం చిక్కన కావాలన్నా వాడేది ఒకటే మాట. శాస్త్రంలో వీటికి సాంద్రత (నిర్ణీత ఘనపరిమాణంలో ఉన్న ద్రవ్యరాశి), స్నిగ్ధత (పారడానికి ద్రవం చూపే నిరోధం), గాఢత (ద్రవంలో కరిగిన పదార్థం పాలు) అని మూడు వేర్వేరు పేర్లు ఉన్నాయి కానీ పిల్లవాడి చెవికి మూడూ ఒకేలా వినిపిస్తాయి. పైగా తేనె చిక్కగానూ ఉంటుంది, నీటికంటే బరువుగానూ ఉంటుంది. అంటే తేనెతో మొదలుపెట్టే ప్రయోగం వాళ్ల అపోహను కళ్లముందే రుజువు చేసి పెడుతుంది.

అందుకే తేనెను పక్కన పెట్టి ఆముదంతో మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నాను. ఒక గ్లాసులో నీళ్లు, మరో గ్లాసులో ఆముదం చూపించి, చెంచాతో ఎత్తి జార్చి, ఏది వేగంగా కారుతుందో అందరినీ చూడనివ్వాలి. ఆముదం స్నిగ్ధత నీటికంటే కొన్ని వందల రెట్లు ఎక్కువ కాబట్టి తేడా వెనక బెంచీవాళ్లకు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తరువాత, నీళ్లలో ఆముదం పోస్తే ఏమవుతుందో ప్రతి ఒక్కరూ నోటుపుస్తకంలో ముందుగా రాసి సంతకం చేయాలి. సంతకం మాట నవ్వులాటగా అనిపించవచ్చు కానీ, అది లేకపోతే ఫలితం చూశాక అందరూ "నేను ముందే అనుకున్నాను సార్" అంటారు. మా తరగతిలో ఏటా మూడు వంతుల మందికి పైగా మునుగుతుందనే రాసేవారు. ఆముదం నీటిపైకి వచ్చి నిలబడగానే గది ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది. పాఠం అసలు మొదలయ్యేది అప్పుడే.

ఇక కారణం వెతకాలి కాబట్టి తూకం వేయించాలి. కిరాణా కొట్లలో ఉండే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి, సూది తీసేసిన పెద్ద సిరంజి ఒకటి ఉంటే చాలు. ఖాళీ పాత్రను కాటా మీద పెట్టి సున్నా చేసి, ఒక్కో ద్రవాన్ని సరిగ్గా 100 మిల్లీలీటర్లు పోయించాలి. నీళ్లు సుమారు 100 గ్రాములు, కొబ్బరినూనె 92, ఆముదం 96, పాలు 103, ఇక కరగనంతగా ఉప్పు కలిపిన నీళ్లు 120, తేనె 140 గ్రాముల దగ్గర తూగుతాయి. పిల్లల కొలతల్లో ఒకటి రెండు గ్రాముల తేడా వస్తే దిద్దకండి. అంతకుమించి వస్తే సిరంజిలో గాలి బుడగ చిక్కిందేమో వాళ్లనే చూడమనండి. ముఖ్యంగా ఆముదం విషయంలో ఇది దాదాపు ప్రతిసారీ జరుగుతుంది. ఈ పట్టిక బోర్డు మీద ఉండగా తేలిన క్రమాన్నీ, తూగిన క్రమాన్నీ పక్కపక్కన రాయిస్తే, జారుడు వేగానికి ఇందులో చోటు లేదని వాళ్లే చెబుతారు.

ఇక్కడే ఇంకో అపోహ బయటపడుతుంది. బిందెడు నీళ్ల సాంద్రత ఎక్కువా, గ్లాసుడు నీళ్ల సాంద్రత ఎక్కువా అని అడిగి చూడండి. బిందె అని చాలా చేతులు లేస్తాయి. 50, 100, 150 మిల్లీలీటర్ల నూనెను విడివిడిగా తూచి, ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే ప్రతిసారీ 0.92 చుట్టూనే వస్తుంది. సూత్రాన్ని నేను ఈ భాగహారం తరువాతే బోర్డు మీద రాసేవాణ్ణి.

మంచినీళ్లలో మునిగిన గుడ్డును ఉప్పు కలిపి తేల్చే ప్రయోగం మీకు తెలిసే ఉంటుంది. అందులో నేను చేసే మార్పు ఒక్కటే: ఉప్పును ఒకేసారి గుమ్మరించకుండా చెంచా చెంచాగా తూచి వేయించడం. తాజా గుడ్డు అరలీటరు నీటిలో సుమారు 60, 70 గ్రాముల ఉప్పు కరిగాక లేస్తుంది. నిల్వ ఉన్న గుడ్డులో గాలి గది పెద్దదవుతుంది కాబట్టి అది అంతకంటే ముందే లేస్తుంది, బాగా పాతదైతే మంచినీళ్లలోనే తేలుతుంది. ఒక ఏడు ఈ ప్రయోగం చేస్తుండగా ఒక అమ్మాయి, "మా తాతయ్య విత్తనాల వడ్లకు ఇలాగే చేస్తాడండీ" అంది. గుడ్డు తేలేంతగా ఉప్పు కలిపిన నీళ్లలో వడ్లు పోసి, పైకి తేలిన తాలు గింజలను తీసేసి, అడుగున మిగిలిన గట్టి గింజలను మంచినీళ్లతో కడిగి నారుకు వాడటం రైతులకు తెలిసిన పద్ధతే. మరునాడు ఆ అమ్మాయి తెచ్చిన గుప్పెడు వడ్లతో చేసి చూశాం. మామూలు నీళ్లలో మునిగిన గింజల్లో కొన్ని ఉప్పునీళ్లలో పైకి వచ్చాయి. గింజ మారలేదు, నీళ్లే మారాయి. తేలడమనేది వస్తువు ఒక్కదాని గుణం కాదనీ, దాని సాంద్రతకూ ద్రవ సాంద్రతకూ మధ్య పోలిక అనీ చెప్పడానికి దీనికంటే మంచి ఉదాహరణ నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

తరువాత పిల్లల చేతే కొలిచే సాధనం చేయించండి. లోహపు మొన ఉన్న ఖాళీ బాల్‌పెన్ రీఫిల్‌ను నీళ్లున్న పొడవాటి పరీక్షనాళికలో వేస్తే మొన కిందికి ఉండి నిలువుగా తేలుతుంది. నీటి మట్టం దగ్గర సన్నని గీత పెట్టి, అదే రీఫిల్‌ను నూనెలో, ఉప్పునీళ్లలో, పాలలో వేసి చూడాలి. నీళ్లలో 100 మిల్లీమీటర్లు మునిగితే కొబ్బరినూనెలో దాదాపు 109, పాలలో 97, బాగా ఉప్పు పట్టిన నీళ్లలో 83 దగ్గర నిలుస్తుంది. సాంద్రత పెరిగేకొద్దీ మునిగే లోతు అదే నిష్పత్తిలో తగ్గుతుందన్నది ఇక్కడి సూత్రం. రీఫిల్ గాజు గోడకు అంటుకుంటే కొలత తప్పుతుంది కాబట్టి వేలితో మెల్లగా తట్టి వదలాలి. పాలకూ నీళ్లకూ తేడా మూడే మిల్లీమీటర్లు కావడం మొదట నిరాశ కలిగిస్తుంది కానీ, పాలకేంద్రంలో పాల సాంద్రతను చూసే లాక్టోమీటరుకు కింద ఉబ్బెత్తు బుడ్డీ, పైన సన్నని కాడ ఎందుకు ఉంటాయో అడగడానికి అదే సరైన సమయం. సన్నని కాడ మీద చిన్న తేడా కూడా పెద్ద దూరంగా కనిపిస్తుంది.

ఇళ్లలో గేదెలున్న పిల్లలు ఈ చర్చలో మనకంటే ముందుంటారు. వెన్న తీసేసి నీళ్లు కలిపిన పాలను లాక్టోమీటరు పట్టుకోలేదని నాకు చెప్పింది ఎనిమిదో తరగతి కుర్రవాడే. ఎవరి దగ్గర విన్నాడో నేను అడగలేదు. కొవ్వు నీటికంటే తేలిక కాబట్టి వెన్న తీస్తే పాల సాంద్రత పెరుగుతుంది, నీళ్లు కలిపితే తగ్గుతుంది, రెండూ చేస్తే లాక్టోమీటరు మళ్లీ పాత అంకె దగ్గరే నిలుస్తుంది. కేంద్రాల్లో వెన్నశాతాన్ని విడిగా కొలవడానికి ఇదొక కారణం.

పొరల గ్లాసును నేను పూర్తిగా మానేయలేదు, చివరికి జరిపాను. నాలుగు గ్లాసుల్లో 100 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు పోసి 10, 20, 30, 40 గ్రాముల చక్కెర కలిపి, నాలుగు రంగులు వేసి, ఏది ఏదో చెప్పకుండా ఇచ్చి, ఒకే గ్లాసులో పొరలుగా పోయమనాలి. ద్రవాలు దాదాపు ఒకేలా పారుతాయి కాబట్టి కంటితో చూసి చెప్పడం కుదరదు. తూచాలి, లేదా రీఫిల్ వేసి చూడాలి. క్రమం తప్పితే రంగులు కలిసిపోయి బురదరంగు వస్తుంది. ఆ బురదరంగు వచ్చిన జట్టే తరువాత అందరికంటే బాగా వివరిస్తుంది.

సర్జికల్ స్పిరిట్‌లో వేరుశనగనూనె చుక్క మునగడం, నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతుంటే ఆ చుక్క గుండ్రంగా మధ్యలో నిలవడం చాలా అందంగా ఉంటుంది. కానీ స్పిరిట్ త్వరగా అంటుకుంటుంది కాబట్టి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని మీరే చేసి చూపించండి. దీనికి ఆముదం వాడవద్దు, అది స్పిరిట్‌లో కరిగిపోతుంది. పాత ప్రయోగశాలల్లో పాదరసం సీసా కనిపించినా పిల్లల ముందు తెరవవద్దు.

పాఠం అయిపోయిందనుకున్న రోజున, చలికాలం అయితే, గడ్డకట్టిన కొబ్బరినూనె ముక్కను కరిగిన కొబ్బరినూనెలో వేయించండి. అది అడుగుకు పోతుంది. పక్కనే గ్లాసు నీళ్లలో మంచుముక్క వేయించండి. ఈ రెండూ ఎందుకు వేర్వేరుగా ప్రవర్తించాయో ఇంటి దగ్గర ఆలోచించి రమ్మనండి. మా పిల్లల్లో ఒకడు మూడో రోజున పేరినెయ్యితో కూడా చేసి చూసి వచ్చాడు.