టక్కుమంటే నియంత్రిక, గుయ్‌మంటే పరివర్తకం

సందేహం: నాలుగు రోడ్ల కూడలిలో ఒక మూలన నడుమెత్తు ఇనుప పెట్టె ఉంది. ఎప్పుడూ తాళం వేసే ఉంటుంది. పైన ఏమీ రాసి లేదు. అప్పుడప్పుడు లోపల టక్కుమని చప్పుడవుతుంది. దానికి కాస్త దూరంలో రోడ్డును నలుచదరంగా కోసి, ఆ గీతల్ని తారుతో పూడ్చారు. అదేమిటని అడిగితే ఒకరు ట్రాన్స్‌ఫార్మర్ అన్నారు, ఇంకొకరు కరెంటు డబ్బా అన్నారు. పత్రికల్లో ట్రాన్స్‌ఫార్మర్‌ను ‘నియంత్రిక’ అని రాస్తుంటారు కదా, దీన్నీ నియంత్రిక అనవచ్చా?

సమాధానం: నిస్సందేహంగా అనవచ్చు. ఎందుకంటే మీరు చూసింది ట్రాన్స్‌ఫార్మర్ కాదు, బహుశా ట్రాఫిక్ సిగ్నల్ పెట్టె.

ఈ సంగతి మీ ఉత్తరంలోని ఒక్క మాటే పట్టిచ్చింది. లోపల ‘టక్కుమని’ చప్పుడవుతోందని రాశారు. తెలుగులో అనుకరణ శబ్దాలు చాలా కచ్చితమైనవి. ‘టక్కు’ క్షణంలో పుట్టి క్షణంలో ఆగిపోయే చప్పుడు. ఏదో ఒకటి వచ్చి ఇంకోదానికి తగిలితే పుడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ అలా చప్పుడు చేయదు. అది ‘గుయ్’మంటుంది, ఆపకుండా. దాని లోపలి ఇనుప దిమ్మె కరెంటు ఒక్కో ఆవృత్తికి రెండుసార్లు అతి సూక్ష్మంగా సాగి ముడుచుకుంటుంది. కరెంటు 50 హెర్ట్జ్‌లదైతే, అంటే సెకనుకు 50 ఆవృత్తులైతే, ఆ కంపనం సెకనుకు 100 సార్లు. మనకు వినిపించే గుయ్‌మనే నాదం అదే. ఇంటర్నెట్ పరికరాలున్న పెట్టె అయితే ఫ్యాను రొద వినిపించవచ్చు. వీధిలోకి కరెంటును పంచే ఫీడర్ పిల్లర్ మామూలుగా మౌనంగానే ఉంటుంది. (పిల్లర్ అన్నారు కదా అని దాన్ని ‘స్తంభం’ చేయకండి, అది పెట్టే. ‘పంపిణీ పెట్టె’ అంటే చదివినవారికి వెంటనే తెలుస్తుంది.)

మీరు విన్నది బహుశా రిలే చప్పుడు. రిలే అంటే కరెంటుతో తనంతట తానే పడి లేచే మీట. పెట్టె కూడలిలో ఉందంటున్నారు, రోడ్డు మీద నలుచదరపు గీతలు ఉన్నాయంటున్నారు. అలాంటి గీతల కింద సాధారణంగా తీగచుట్ట ఉంటుంది. కారు దాని మీదికి రాగానే, కారులోని లోహం వల్ల ఆ చుట్ట ప్రేరకత్వం (కరెంటులో మార్పును అడ్డుకునే గుణం) తగ్గుతుంది. పెట్టె దాన్ని గుర్తించి ‘ఇటు బండి వచ్చింది’ అని లెక్కలోకి తీసుకుని, ఏ సిగ్నల్ దీపం ఎంతసేపు వెలగాలో తేలుస్తుంది. ఈసారి టక్కుమన్నప్పుడు దీపాల వైపు చూడండి. రంగు అప్పుడే మారితే అది సిగ్నల్ పెట్టే అన్నమాట. తాళం జోలికి మాత్రం వెళ్లకండి, లోపల కరెంటు ఉంటుంది.

ఇక మాట విషయం. ‘యమ్’ ధాతువుకు పట్టి ఉంచడం, అదుపు చేయడం అని అర్థం. దానికి సాధనాన్ని తెలిపే ‘త్ర’ చేరితే యంత్రం. ‘నీ’ నుంచి నేత్రం, ‘వస్’ నుంచి వస్త్రం వచ్చినట్టే. నియంత్రణ ఈ కుదురులోనిదే. నాయకుడికి నాయిక ఎలాగో, నియంత్రకానికి నియంత్రిక అలాగ. కాబట్టి వ్యాకరణంలో ఏ తప్పూ లేదు. అర్థం: అదుపు చేసేది. ఏ దీపం వెలగాలో, ఏది ఆరాలో తేల్చే పెట్టెకు ఇంతకంటే తగిన పేరు దొరకదు.

ట్రాన్స్‌ఫార్మర్ దేన్ని అదుపు చేస్తుంది? ఎవరికి కరెంటు ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో అది తేల్చదు. వేల వోల్టులను వందల వోల్టులకు మారుస్తుంది, అంతే. మార్చేది పరివర్తకం. ఆ మాటలోని ‘వృత్’ ధాతువులో తిరగడం ఉంది. వృత్తం, ఆవర్తనం దాని చుట్టాలే. రెండు తీగచుట్టల మీద నడిచే పరికరానికి ఆ ధాతువు కలిసిరావడం నాకెంతో ఇష్టం. ‘నియంత్రిక’ను ట్రాన్స్‌ఫార్మర్‌కు వాడటం ఎంత అలవాటైనా నేను సమర్థించలేను. ఆ పేరును దానికి ఇచ్చేస్తే, నిజంగా నియంత్రించే పరికరానికి మనం ఏ మాట వాడాలి?

పని చూసి పేరు పెట్టడం మన భాషకు కొత్త కాదు. కవాటం అంటే మొదట తలుపు రెక్క. ఒక వైపే తెరుచుకుంటుందన్న పోలికతో గుండెలోని వాల్వులకూ అదే పేరైంది. మీటేది మీట అయింది. ఈ పేర్లు పెట్టినవారు ముందు పనిని గమనించారు.

కాబట్టి ‘కూడలిలో నియంత్రిక చెడిపోయి దీపాలు ఆగిపోయాయి’ అని రాయండి. ‘పరివర్తకం కాలిపోయి కరెంటు పోయింది’ అని రాయండి. మాట్లాడేటప్పుడు ‘సిగ్నల్ పెట్టె’, ‘ట్రాన్స్‌ఫార్మర్’ చాలు. ‘కరెంటు డబ్బా’ అన్నవారిదీ తప్పు కాదు. ఏ డబ్బా అన్నది మాత్రం వారు చెప్పలేదు.