నల్ల పెన్నుకి తెల్ల కాగితం

ప్రశ్న: మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. పోయిన ఏడాది కాలం చేశారు. ఆయన జేబులో ఉండే రత్నం కంపెనీ నల్ల పెన్ను, చేతికి కట్టుకునే హెచ్ఎంటీ జనతా వాచీ ఇప్పుడు నా దగ్గరున్నాయి. పెన్ను మీద ఆయన పేరు చెక్కి ఉంటుంది. సంవత్సరీకానికి వీటి ఫోటోలు తీసి, ఫ్రేమ్ కట్టించి అన్నయ్యకీ, డాలస్‌లో ఉన్న చెల్లెలికీ ఇద్దామనుకున్నాను. ఫోన్‌తో వంద తీసినా ఒక్కటీ కుదరలేదు. పెన్ను బూడిద రంగులో, మధ్యన తెల్ల మచ్చతో వస్తోంది. పేరు కనిపించడం లేదు. వాచీ అద్దంలో నా ఫోన్, నా చెయ్యి, పైనున్న ట్యూబ్‌లైటు పడుతున్నాయి. మంచి కెమెరా కొనాలా?
*పాఠకురాలు, రాజమహేంద్రవరం*

జవాబు: కెమెరా అక్కర్లేదమ్మా, మీ ఫోన్ చాలు. ఒక ట్రేసింగ్ పేపరు, ఒక థర్మాకోల్ ముక్క, ఒక నల్ల చార్టు తెచ్చుకోండి. మీ ఊళ్ళో ఏ స్టేషనరీ షాపులోనైనా దొరుకుతాయి.

ముందు ఒక స్టీలు గ్లాసు చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి చూడండి. అందులో కిటికీ కనిపిస్తుంది, మీ చీర రంగు కనిపిస్తుంది, వెనకాల గోడ కనిపిస్తుంది. మీ నల్ల పెన్ను కూడా అలాంటిదే, గుండ్రంగా చుట్టిన అద్దం. మీరు చూసిన తెల్ల మచ్చ పెన్నుది కాదు, ట్యూబ్‌లైటుది. ఫ్లాష్ వేసినప్పుడు అదే ఇంకా చిన్నదై, ఇంకా పదునుగా పడుతుంది. అందుకని వెలుగు ఎంత ఉందన్న ఆలోచన పక్కన పెట్టి, పెన్ను ఎదురుగా ఏముందో చూసుకోండి.

ఎండ నేరుగా పడని కిటికీ పక్కన టేబుల్ వేసుకోండి. గదిలో లైట్లన్నీ తీసేయండి. పెన్నుని కిటికీకి సమాంతరంగా పడుకోబెట్టి, కిటికీకీ పెన్నుకీ మధ్య ట్రేసింగ్ పేపరుని నిలువుగా నిలబెట్టండి. రెండు పుస్తకాల దొంతరలకి బట్టల క్లిప్పులతో బిగిస్తే నిలబడుతుంది. కాగితం పెన్నుకంటే పొడవుగా ఉండాలి, పెన్నుకి జానెడు దూరంలో ఉండాలి. ఇప్పుడు చూడండి: మచ్చ పోయి, క్యాపు మొదలు నుంచి కింది కొన దాకా ఒకే తెల్ల గీత సాఫీగా సాగుతుంది. ఆ గీతే పెన్ను గుండ్రంగా ఉందని చెప్పేది. కాగితం దగ్గరికి జరిపితే గీత వెడల్పవుతుంది, దూరం జరిపితే సన్నబడుతుంది. అటూ ఇటూ జరుపుతూ మీకు నచ్చిన చోట ఆపండి. రెండో వైపు థర్మాకోల్ ముక్క నిలబెడితే ఆ అంచు కూడా సన్నగా వెలిగి, పెన్ను చీకట్లో కలిసిపోకుండా ఉంటుంది.

బూడిద రంగు సంగతి. ఏది చూపించినా ఒక మధ్యరకం వెలుగులోకి తేవాలనుకోవడం ఫోన్‌కి అలవాటు. నలుపు చూపిస్తే వెలుగు పెంచేస్తుంది. తెర మీద పెన్నుని తాకి, లాక్ అయ్యేదాకా వేలు అలాగే ఉంచండి. తర్వాత పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని నలుపు నలుపుగా కనిపించేదాకా కిందికి లాగండి. ఫోన్‌ని ఏదైనా డబ్బాకి ఆనించి, 3 సెకన్ల టైమర్ పెట్టి తీయండి. మరీ దగ్గరికి వెళ్ళొద్దు. రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ వాడితే పెన్ను ఆకారం వంకర పోదు.

పేరుకి వేరే ఫోటో తీయాలి. ఒకే ఫోటోలో రెండూ రావాలని పట్టుపట్టకండి. గది చీకటి చేసి టేబుల్ ల్యాంపు ఒక్కటే వేయండి. దాన్ని పై నుంచి కాకుండా పెన్ను ఎత్తుకి దించి, వెలుగు గొట్టం మీద రాసుకుంటూ పోయేలా పక్క నుంచి పెట్టండి. నునుపైన చోట పడ్డ వెలుగు అవతలికి జారిపోతుంది. చెక్కిన అక్షరాల అంచులు మాత్రం దాన్ని పట్టుకుంటాయి. పెన్నుని వేలితో కొద్దికొద్దిగా దొర్లిస్తూ ఉండండి. ఒకచోట పేరు ఒక్కసారిగా పైకి లేస్తుంది. అక్షరాల్లో సుద్దపొడి నింపమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, నేను ఒప్పుకోను. ఆయన వేళ్ళకి అరిగిన గీతలవి, వాటిని ఉన్నట్టే ఉండనివ్వండి.

ఒక జాగ్రత్త. మీ ఊరి పెన్నే కాబట్టి దాని కథ మీకు తెలిసే ఉంటుంది. కె.వి. రత్నంగారు స్వదేశీ ఉద్యమ కాలంలో చేసిన పెన్నుకి గాంధీజీ 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. అప్పటి నుంచీ ఆ పెన్నులకి పేరు ఎబొనైటుతోనే వచ్చింది. రబ్బరుకి గంధకం కలిపి ఉడికిస్తే గట్టిపడే పదార్థం అది. మీ నాన్నగారి పెన్ను ఎబొనైటుదైతే, ఎండకీ తేమకీ నలుపు పోయి గోధుమ రంగు తిరుగుతుంది. మంచి వెలుగు కోసమని డాబా మీద గంటలు గంటలు పెట్టకండి. ఇప్పటికే క్యాపు కింద నల్లగా, బయట గోధుమ రంగుగా ఉంటే పాలిష్ పట్టించకుండా క్యాపు తీసి ఆ రెండు రంగులూ కనిపించేలా తీయండి. ఆయన రోజూ ఎంతదాకా క్యాపు మూసేవారో ఆ ఫోటోలో తెలుస్తుంది.

వాచీ దగ్గర పని రెండింతలు. స్టీలు కేసుకి తెలుపు కావాలి, డయల్ మీది అద్దానికి నలుపు కావాలి. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, అదీ చిక్కు. ఇది నాకు కాకినాడలో స్టూడియో నడిపే రోజుల్లో తెలిసింది. ఒక వాచీల షాపు ఆయన క్యాలెండర్ కోసం పన్నెండు వాచీలు తెచ్చిచ్చారు. 36 ఫోటోల రీలు మొత్తం తీసి, కడిగి చూస్తే ప్రతి డయల్‌లోనూ సీలింగ్ ఫ్యాను. మళ్ళీ తీయడానికి ఆయన ఒక్క రోజే గడువిచ్చారు. ఆ రాత్రి మా అమ్మ పాత నల్ల గొడుగుకి లెన్సు పట్టేంత చిల్లు పెట్టాను. గొడుగు విప్పి వాచీ పైన కట్టి, ఆ చిల్లులోంచి తీశాను. వాచీ అద్దం పైకి చూస్తే దానికి నల్ల గుడ్డ తప్ప ఏమీ కనపడలేదు. డయల్ మీది అంకెలు ఒక్కొక్కటీ విడివిడిగా వచ్చాయి.

మీకు గొడుగు అక్కర్లేదు. నల్ల చార్టుకి రూపాయి బిళ్ళంత చిల్లు పెట్టి, ఫోన్ లెన్సు దానికి ఆనించండి. ట్రేసింగ్ పేపరుని పక్కనే, వాచీ ఎత్తుకి కొంచెం పైదాకా మాత్రమే ఉంచండి. కేసు అంచులు దాన్ని పట్టుకుని మెరుస్తాయి, అద్దం మాత్రం పైనున్న నలుపునే చూస్తుంది. డయల్ పాలు పోసినట్టు తెల్లబడితే కాగితం మరీ ఎత్తుగా ఉందని అర్థం, కిందికి దించండి.

దుమ్ము సంగతి ఫోటో తీశాక తెలుస్తుంది కాబట్టి ముందే మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో దులపండి. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి. గుడ్డతో గట్టిగా తుడవద్దు, జనతా మీదిది ప్లాస్టిక్ అద్దం, దుమ్ముతో కలిపి రుద్దితే గీతలు పడతాయి.

ఇక ముళ్ళు. అమ్మకానికి తీసే ఫోటోల్లో 10:10 దగ్గర పెడతారు, 12 కింద ఉన్న కంపెనీ పేరుకి ముళ్ళు అడ్డం రాకుండా. జనతా కీ ఇచ్చుకునే వాచీ. రెండు రోజులు కీ ఇవ్వకపోతే అదే ఆగుతుంది. తర్వాత నెమ్మదిగా ముళ్ళు తిప్పి ఫోటో తీయొచ్చు. కానీ మీరు అమ్మడానికి తీయడం లేదు. మీ నాన్నగారు సైకిల్ తీసి స్కూలుకి బయల్దేరే వేళ మీకు గుర్తుంటే ఆ వేళకి పెట్టండి. మీ అన్నయ్య, చెల్లెలు చూడగానే గుర్తుపడతారు. పెన్ను కిందికి ఆయన చేత్తో లెక్క చేసిన పాత కాగితం ఏదైనా దొరికితే అంతకన్నా మంచి బ్యాక్‌గ్రౌండ్ లేదు.

ప్రశ్న: పాత వాచీలు కొని, బాగుచేయించి అమ్ముతుంటాను. రాత్రి పూట ఎల్ఈడీ బల్బు కింద తీస్తే ఫోటోల్లో అడ్డంగా నల్ల చారలు వస్తున్నాయి. అద్దం మీది గీతలు కనిపించకుండా తీయడం ఎలాగో కూడా చెప్పండి.
*పాఠకుడు, గుంటూరు*

జవాబు: మన కరెంటు 50 హెర్ట్జ్. చవక రకం బల్బు సెకనుకి 100 సార్లు మినుకుమంటుంది. ఫోన్ షట్టర్ దానికన్నా వేగంగా పడితే చారలొస్తాయి. ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టి, ఐఎస్ఓ (వెలుగుని ఫోన్ ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) తగ్గించండి. ఫోన్ స్టాండు తప్పనిసరి. కొత్త బల్బు కొనేటప్పుడు అట్టపెట్టె మీద సీఆర్ఐ (బల్బు వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 లేదా అంతకన్నా ఎక్కువ అని ఉందేమో చూడండి, బంగారు రంగు డయల్ బంగారు రంగులోనే వస్తుంది. కిటికీ వెలుగు, బల్బు వెలుగు కలపొద్దు. ఒక పక్క నీలం, ఒక పక్క పసుపు వస్తే యాప్‌తో సరిచేయడం చాలా కష్టం.

గీతలు దాచే పద్ధతి నాకు తెలుసు, చెప్పను బాబూ. ఇలాగే ఫోటో చూసి నేనొక వాచీ కొన్నాను. ఫోటోలో డయల్ సగం మీద అందమైన మెరుపు ఉంది. పార్సిల్ విప్పితే ఆ మెరుపు ఉన్న చోటే తేమ మరక. రెండు నెలలు దాచుకున్న డబ్బది. మీరు బాగున్న ఫోటోలు మూడు పెట్టండి. నాలుగోది మాత్రం ల్యాంపు పక్క నుంచి కిందుగా వేసి, ప్రతి గీతా కనిపించేలా తీసి పెట్టండి. వెనక మూత తెరిచిన ఫోటో కూడా ఒకటి.

ప్రశ్న: పోలరైజర్ ఫిల్టర్ కొంటే మెరుపులన్నీ పోతాయంటున్నారు. నిజమేనా?
*పాఠకుడు, హైదరాబాద్*

జవాబు: సగం నిజం. లెన్సు ముందు పెట్టి తిప్పే ఈ అద్దం కొన్ని మెరుపులనే ఆపుతుంది. అద్దం, ప్లాస్టిక్, ఎబొనైటు మీది మెరుపుని ఏటవాలుగా చూసినప్పుడు తగ్గిస్తుంది. నిట్టనిలువుగా పైనుంచి తీస్తే ఏమీ చేయలేదు. స్టీలు మీది మెరుపు ఎటు నుంచి తీసినా పోదు. ఇంట్లో పోలరైజ్డ్ చలవ కళ్ళద్దాలుంటే కొనేముందు వాటిని ఫోన్ లెన్సు ముందు పెట్టి మెల్లగా తిప్పి చూడండి. మీ వాచీకి పనికొస్తుందో లేదో అక్కడే తేలిపోతుంది.