తెరచాప ఓడలు ఎక్కువగా బద్దలైంది నడిసముద్రంలో కాదు, ఒడ్డు పక్కనే. ఎందుకు?

అడిగిన ప్రశ్న ఇది: తెరచాపల కాలంలో ఓడలు తుఫానుకు నడిసముద్రంలోనే మునిగేవా? ఒడ్డు కనిపిస్తుండగా వందలమంది ఎలా చనిపోయారు? నేర్పున్న కెప్టెన్ తప్పించుకోలేడా?

గట్టి ఓడకు తుఫాను కంటే ఒడ్డే పెద్ద గండం. లోతైన నీళ్లలో తెరచాపలు చుట్టేసి, గాలి తోసినవైపు రెండు రోజులు కొట్టుకుపోయినా కింద ఉండేది నీళ్లే. ఆ కొట్టుకుపోయే దారిలో నేల అడ్డం వస్తే మాత్రం కథ మారిపోతుంది. అందుకే ఏ ఓడ ప్రమాదం గురించి చదివినా, గాలి ఎంత బలంగా వీచిందన్నదాని కంటే ముందు ఎటునుంచి వీచింది, ఒడ్డు ఎటువైపు ఉంది అని చూడాలి.

లెక్క వేసి చూద్దాం. అప్పట్లో దిక్సూచి చుట్టును 32 పాయింట్లుగా విభజించేవారు, ఒక్కోటి 11.25 డిగ్రీలు. అడ్డకొయ్యలకు వేలాడే చదరపు తెరచాపల ఓడ, గాలి వచ్చే దిక్కుకు సుమారు 6 పాయింట్ల కంటే, అంటే 67.5 డిగ్రీల కంటే దగ్గరగా ముఖం పెట్టలేదు. ఒడ్డు పడమటివైపు ఉత్తర దక్షిణాలుగా సాగి ఉంది, గాలి నేరుగా తూర్పు నుంచి వస్తోంది అనుకోండి. ఎంత ప్రయత్నించినా ఓడ ముఖం ఒడ్డు గీతకు 22.5 డిగ్రీలు మాత్రమే బయటికి తిరుగుతుంది. ఆ కాస్త లాభాన్నీ, గాలి తోపుకు ఓడ పక్కకు జారడం తినేస్తుంది. మంచి వాతావరణంలో ఒక పాయింటు జారినా ఇంకా 11 డిగ్రీలు మిగులుతాయి. రెండు పాయింట్లు జారితే ఓడ ఒడ్డుకు సమాంతరంగా పోతుంది. పెనుగాలికి తెరచాపలు తగ్గించాక మూడు పాయింట్లు, అంతకంటే ఎక్కువే జారుతుంది. మూడు పాయింట్ల జారుడుతో గంటకు 4 నాటికల్ మైళ్ల వేగంతో పోయే ఓడ గంటకు ముప్పావు మైలుకు పైగా ఒడ్డుకు చేరువవుతుంది. 6 మైళ్ల దూరంలో ఉంటే ఇంకా 8 గంటలు కూడా లేవన్నమాట. ఓడ ముందుకే పోతున్నట్టు కనిపిస్తుంది, చుక్కాని పట్టినవాడు ఏ తప్పూ చేయడు, అయినా నేల దగ్గరవుతూనే ఉంటుంది.

దిశ మార్చడానికి రెండు దారులు. మొదటిది అణియాన్ని, అంటే ఓడ ముందు భాగాన్ని, గాలికి ఎదురుగా తిప్పి అవతలి పక్కకు తేవడం. దీనికి వేగం కావాలి. ఎత్తైన అలలు అణియాన్ని కొడితే ఓడ సగం తిరిగి ఆగిపోతుంది, తర్వాత వెనక్కి జారుతుంది. రెండోది గాలికి వీపు పెట్టి చుట్టూ తిరిగిరావడం. ఇది విఫలమయ్యేది తక్కువ, కానీ తిరిగే ఆ కాసేపూ ఓడ ఒడ్డువైపే పరుగెడుతుంది. ఒడ్డు దగ్గరున్నప్పుడు అంత చోటు ఉండదు.

రెండూ కుదరనప్పుడు మిగిలేది లంగరుతో తిప్పడం. గాలికి ఎడంగా ఉన్న పక్క లంగరును సిద్ధం చేస్తారు. దాని అసలు మోకు కాక, ఓడ వెనక భాగం నుంచి ఇంకో తాడు కూడా ఆ లంగరుకే కడతారు. అణియం గాలివైపు తిరుగుతూ వేగం చచ్చే క్షణంలో లంగరు వదులుతారు. అది అడుగున పట్టుకుని అణియాన్ని గాలికి ఎదురుగా లాగుతుంది. వెంటనే మోకు నరికేస్తారు, వెనకనున్న తాడు లాగడంతో ఓడ పూర్తిగా అవతలికి తిరుగుతుంది, ఆ తాడునూ నరికేస్తారు. గొడ్డలి ఒక్క నిమిషం తొందరపడినా, ఆలస్యమైనా ఓడ పోయినట్టే. 1812 డిసెంబరులో ఫ్రాన్సు తీరంలో బాస్క్ రోడ్స్ దగ్గర మాగ్నిఫిసెంట్ అనే 74 ఫిరంగుల యుద్ధనౌకను కెప్టెన్ హేస్ ఇలాగే కాపాడాడు. బ్రిటిష్ నౌకాదళంలో ఆయనకు 'మాగ్నిఫిసెంట్ హేస్' అన్న పేరే నిలిచిపోయింది. నేర్పు అడిగారు కదా, నేర్పంటే ఇదే. కానీ దీనికి లంగరు పట్టే అడుగు ఉండాలి, ఆ అదృష్టం అందరికీ దొరకదు.

లంగరు వేసి నిలబడొచ్చు కదా అని తోస్తుంది. లంగరు దాని బరువుతో కాదు, నేలను ఎంత అడ్డంగా లాగితే అంత బాగా పట్టుకుంటుంది. అందుకే లోతుకు ఎన్నోరెట్లు పొడవు మోకు వదలాలి, పూర్తి మోకు 100 బారలకు పైనే ఉండేది. గాలి కంటే ఎక్కువగా మోకును చంపేది ఒరిపిడి: మోకు బయటికి వచ్చే ఓడ రంధ్రంలో ఒరుసుకునే చోట, అడుగున రాయికో పగడానికో తగిలే చోట. ఓడ దగ్గర పాత గుడ్డలు, తోలు చుట్టి కాస్త వదులుతూ చోటు మార్చేవారు. అడుగున జరిగేదానికి ఏ మందూ లేదు. 19వ శతాబ్దం మొదట్లో ఇనుప గొలుసులు వచ్చేదాకా ఇదే పరిస్థితి. చివరి ప్రయత్నంగా తెరచాప స్తంభాలు నరికి, గాలికి దొరికే ఎత్తు తగ్గించేవారు. పడిన స్తంభం తాళ్లకు వేలాడుతూ ఓడ పక్కను సమ్మెటలా కొడుతుంది, కాబట్టి ఆ తాళ్లను కూడా అప్పటికప్పుడే తెగ్గొట్టాలి.

ఇక్కడ మన కోరమాండల్ తీరం గురించి చెప్పకుండా ఉండలేను. అప్పట్లో మచిలీపట్నం, మద్రాసు, పుదుచ్చేరి వంటి చోట్ల పెద్ద ఓడలకు చాటు ఇచ్చే రేవు లేదు. ఓడలు బయట తెరిచిన సముద్రంలో లంగరు వేస్తే, కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలు అలలు దాటించి సరుకును ఒడ్డుకు తెచ్చేవి. ఈశాన్య రుతుపవనాల వేళ గాలి సముద్రం మీంచి ఒడ్డుకు వీస్తుంది, పైగా తుఫానుల కాలం. అందుకే యుద్ధనౌకలు అక్టోబరు నుంచి ఈ తీరం వదిలి వెళ్లడం ఆనవాయితీ. 1760 చివర్లో ఆ ఆనవాయితీ తప్పింది, బ్రిటిష్ నౌకలు పుదుచ్చేరి ముట్టడి కోసం అక్కడే ఉండిపోయాయి. 1761 జనవరి 1న పెనుతుఫాను వచ్చింది. అడ్మిరల్ స్టీవెన్స్ తన ఓడ నార్‌ఫోక్ మోకు తెంచుకుని సముద్రంలోకి పోయి బతికాడు. డక్ డి అక్విటేన్, సండర్లాండ్, సరుకుల ఓడ డ్యూక్ మునిగి సుమారు 1,100 మంది చనిపోయారు, మిగిలింది 14 మంది. న్యూకాజిల్, క్వీన్‌బరో, ప్రొటెక్టర్ ఒడ్డుకు కొట్టుకొచ్చి బద్దలయ్యాయి, కానీ వాటిలో పోయింది ఏడుగురే. మెత్తని ఇసుక తీరం మనుషుల్ని దించి ఓడను మాత్రమే తీసుకుంటుంది. అదే రాతి తీరమైతే ఇద్దర్నీ తీసుకుంటుంది. లంగర్లు నిలవవని తేలిన కెప్టెన్, కళ్లు కనిపించే వెలుతురుండగానే ఇసుక చోటు చూసుకుని ఓడను కావాలని ఎక్కించడం పిరికితనం కాదు, సరైన పని.

ఇంతవరకు చెప్పింది ఒడ్డు ఎక్కడుందో తెలిసిన ఓడల సంగతి. తెలియనివి ఇంకా ఘోరం. 1707 అక్టోబరు 22 రాత్రి (పాత క్యాలెండరు) అడ్మిరల్ క్లౌడ్‌స్లీ షోవెల్ దండు ఇంగ్లండుకు నైరుతిన ఉన్న సిల్లీ దీవుల రాళ్లకు తగిలింది. అసోసియేషన్, ఈగిల్, రోమ్నీ, ఫైర్‌బ్రాండ్ ఓడలు పోయాయి. అసోసియేషన్‌లో ఒక్కరూ మిగల్లేదు, రోమ్నీలో ఒక్కడే మిగిలాడు. రేఖాంశం తెలియక జరిగిందని అందరూ అంటారు. మిగిలిన ఓడల లాగ్‌బుక్కులు చూస్తే అక్షాంశం లెక్కలు కూడా ఒకదానికొకటి కలవవు. రోజుల తరబడి మబ్బు, సూర్యుడు కనపడడు, ప్రవాహం ఎటు తోస్తోందో తెలియదు. తప్పు ఒక్కచోట లేదు.

అలాంటప్పుడు మిగిలే కళ్లు, తాడుకు కట్టి లోతు కొలిచే సీసపు గుండు ఒక్కటే. చేతితో విసిరేది సుమారు 3 కిలోలు, 20 బారల తాడు. లోతు నీళ్లకు 13 కిలోలది, 100 బారలకు పైన తాడు. రెండు బారల దగ్గర రెండు తోలు పీలికలు, మూడు దగ్గర మూడు, ఐదు దగ్గర తెల్లగుడ్డ, ఏడు దగ్గర ఎర్రగుడ్డ, పది దగ్గర చిల్లున్న తోలు. చీకట్లో వేళ్లతో తడిమి చెప్పడానికే ఈ తేడాలు. గుండు అడుగున గుంటలో కొవ్వు పూస్తారు, దానికి ఇసుక, గవ్వపొడి, బురద అంటుకుని వస్తే అడుగు ఎలాంటిదో తెలుస్తుంది. పెద్ద గుండు వేయాలంటే ఓడను దాదాపు ఆపాలి. ఇల్లు దగ్గరైందని, గాలి బాగుందని ఆ ఆపడాన్ని వాయిదా వేసిన ఓడలు చాలా ఉన్నాయి. 1629 జూన్ 4 తెల్లవారకముందు డచ్చి ఓడ బటావియా ఆస్ట్రేలియా పశ్చిమ తీరాన పగడపు దిబ్బ ఎక్కింది. ముందున్న తెల్లటి నురగను వెన్నెల అనుకున్నారు.

దిబ్బ ఎక్కినంత మాత్రాన అంతా అయిపోదు. మొదట చూడాల్సింది పోటు స్థితి. పాటులో తగిలితే నీళ్లే లేపుతాయి, పోటు నిండుగా ఉన్నప్పుడు ఎక్కితే అదే చేటు. 1770 జూన్ 11 రాత్రి బ్రిటిష్ నావికుడు జేమ్స్ కుక్ నడిపిన ఎండీవర్ ఓడ పోటు వేళే ఆస్ట్రేలియా తూర్పు తీరాన ఉన్న గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బ ఎక్కింది. ఆరు ఫిరంగులు, అడుగుబరువుగా వేసిన ఇనుము, రాళ్లు, పాడైన సరుకు, మొత్తం 40 టన్నులకు పైగా విసిరేశారు. పడవల్లో లంగర్లు దూరంగా తీసుకెళ్లి వేసి, వాటి మోకుల్ని బిగించారు. పగటి పోటు చాలలేదు, ఆ రాత్రి పోటుకు ఓడ తేలింది. నీళ్లు లోపలికి వస్తుంటే పాత తెరచాపకు తరిగిన జనుము, ఉన్ని ముద్దలు అంటించి, పేడ పూసి, తాళ్లతో ఓడ కిందికి లాగారు. లోపలికి లాగే నీళ్లే ఆ ముద్దల్ని చిల్లులో కూరాయి. ఒక్క పంపుతో నీళ్లు అదుపులోకి వచ్చాయి. తర్వాత నదిలో ఒడ్డున పెట్టి చూస్తే, చిల్లుల్లో పెద్దదాన్ని సగం మూసేసింది విరిగి అందులోనే ఇరుక్కుపోయిన పగడపు ముక్క.