అస్థిరమా, బాష్పశీలమా?

సందేహం: ఒక వ్యవసాయ పత్రికలో ఈ వాక్యాలు చదివాను: ‘నేలలోని శిలీంద్రాలు అస్థిర సేంద్రియ సమ్మేళనాలను వెదజల్లుతాయి. తొలకరికి వచ్చే మట్టి వాసన వీటిదే.’ ఇక్కడ ‘అస్థిర’ సరిపోతుందా? మా అమ్మాయి కెమిస్ట్రీ నోట్సులో ‘భాష్పశీల’ అని ఉంది. ఏది రాయాలి?
– ఒక పాఠకుడు

సమాధానం: ‘అస్థిర’ కుదరదండీ. ఇంగ్లిషు ‘వోలటైల్’ షేర్ మార్కెట్ విషయంలో నిలకడ లేనిది, కెమిస్ట్రీలో తేలిగ్గా ఆవిరైపోయేది. రాసినవారు మొదటి అర్థాన్ని తెచ్చి రెండోచోట తగిలించారు. రసాయన శాస్త్రంలో అస్థిరం అంటే దానంతటది విడిపోయి మరొకటిగా మారే పదార్థం. హారతి కర్పూరం డబ్బాకి మూత పెట్టడం మరిచిపోతే బిళ్లలు అరిగిపోతాయి. గాల్లో కలిసింది కర్పూరమే తప్ప వేరేది కాదు. పుట్టగొడుగుల వాసనకు ముఖ్య కారణమైన ఆక్టెనాల్ కూడా ఇలాంటిదే. పశువుల ఊపిరిలోనూ మన చెమటలోనూ ఉండే ఈ పదార్థాన్ని దోమల ఉచ్చుల్లో ఎరగా పెట్టేందుకు అమ్ముతారు. అస్థిరమైతే దుకాణంలో నిలవ ఉండేదా?

కాబట్టి ‘బాష్పశీల’ సరైనది. బాష్పం అంటే ఆవిరి, కన్నీరు కూడా. శీలం అంటే స్వభావం. ‘సహనశీల’లో ఉన్నదే ఇక్కడా ఉంది. మీ అమ్మాయి నోట్సులో ‘భా’ మాత్రం తప్పు. ‘భాష్యం’ అలవాటై చెయ్యి అటు పోతుంది కాబోలు. శుభలేఖల్లో, సంతాప సందేశాల్లో కూడా ‘ఆనందభాష్పాలు’, ‘భాష్పాంజలి’ కనిపిస్తూనే ఉంటాయి. రైతుల కోసం రాసేటప్పుడు ఈ బరువు కూడా అక్కర్లేదు. ‘తేలిగ్గా ఆవిరయ్యే’ అంటే చాలు.

‘సేంద్రియ’ గురించి మీరు అడగలేదు గానీ, నాకు అదే ఎక్కువ ఇబ్బందిగా ఉంది. కెమిస్ట్రీ లెక్కన పెట్రోలు కూడా సేంద్రియమే! రైతుకు మాత్రం ఆ మాట వినగానే పెంట, వర్మీకంపోస్టు గుర్తొస్తాయి. ట్రైకోడెర్మానే తీసుకోండి. ఆ పొడిని పశువుల ఎరువులో, వేపపిండిలో కలిపి, తడి ఆరకుండా నీడన మాగబెట్టి చేలో వేస్తారు. అదొక శిలీంధ్రం. దాని రకాల్లో కొన్నిటికి కొబ్బరి వాసన ఉంటుంది. ఆ వాసన 6-పెంటైల్ పైరోన్ అనే పదార్థానిది. ఎండు తెగులు తెచ్చే ఫ్యుజేరియం లాంటి శిలీంధ్రాల ఎదుగుదలను అది అణచివేస్తుంది. దీన్ని ‘సేంద్రియ సమ్మేళనం’ అంటే చదివే రైతు సేంద్రియ మందు పేరనుకుంటాడు. ‘కర్బన సమ్మేళనం’ అనడం మేలు. అలాగని ‘కర్బన ఉద్గారాలు’ అని మాత్రం రాయొద్దు. పేపర్ల పుణ్యమా అని అది ఫ్యాక్టరీ పొగకు స్థిరపడిపోయింది.

‘శిలీంద్రం’ కాదు, ‘శిలీంధ్రం’, ధకారం. సంస్కృతంలో ఈ మాటకు పుట్టగొడుగనే అర్థం ఉంది. మేఘసందేశంలో కాళిదాసు మేఘగర్జనకు నేల శిలీంధ్రాలను మొలిపిస్తుందంటాడు. మన పల్లెల్లోనూ ఉరుములకు పుట్టగొడుగులు లేస్తాయంటారు. బూజు, ఈస్టు ఆధునిక శాస్త్రంతో వచ్చి ఈ గొడుగు కిందికి చేరాయి.

రెండో వాక్యంలో భాష బాగానే ఉంది, విషయమే తప్పు. తొలకరి మట్టి వాసనలో ముఖ్యమైన పదార్థం జియోస్మిన్. 1965లో దానికి ఆ పేరు పెట్టారు. దాన్ని నేలలో ఎక్కువగా తయారుచేసేది స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా. పెనిసీలియం జాతి బూజులు కొన్ని తయారుచేసినా పెద్ద వాటా వాటిది కాదు. ఈ బాక్టీరియా శిలీంధ్రంలాగే దారాలు దారాలుగా పెరుగుతుంది. ఒకప్పుడు శాస్త్రజ్ఞులే తికమకపడ్డారు. పేరులోని ‘మైసిస్’కు గ్రీకులో శిలీంధ్రమనే అర్థం. స్ట్రెప్టోమైసిన్ వంటి మందుల పేర్ల చివరి ‘మైసిన్’ అక్కడిదే. పత్రికవారు పొరపడటంలో వింతేమీ లేదు. కానీ శిలీంధ్రాల వాసనకు ఉదాహరణే కావాలనుకుంటే తొలకరి దాకా ఆగనక్కర్లేదు. వానాకాలంలో చెమ్మ తగిలి ముక్కిపోయిన బియ్యం బస్తా మూతి విప్పితే చాలు.