హిప్నాటిజం షోలతో బతకొచ్చా?

"స్టేజ్ హిప్నాటిస్ట్‌గా స్థిరపడాలంటే ఏం నేర్చుకోవాలి, ఎంత సంపాదించొచ్చు?" అని ఇక్కడ ఒక తమ్ముడు అడిగాడు. పదహారేళ్లుగా నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఈ షోలు చేస్తున్నవాడిని కాబట్టి చెప్తున్నా.

ముందు కళ్ల సంగతి. హిప్నాటిస్ట్ కళ్లలో ఏదో పవర్ ఉంటుందని జనం అనుకుంటారు. నాకు ఎడమ కన్ను కాస్త మెల్ల. అయినా నా ముందు తలలు వాల్చిన వాళ్లు వందల మంది. పవరంతా మైకులో, మనుషుల్ని ఎంచుకోవడంలో ఉంటుంది. నేను ముప్పై మందిని స్టేజ్ మీదికి పిలుస్తాను. చేతివేళ్లు పెనవేసి గట్టిగా పట్టుకోమంటాను, ఫెవికాల్ పోసినట్టు అతుక్కుపోయాయి, లాగినా రావు అంటాను. చాలామంది టక్కున విడదీసి నవ్వుతారు. వాళ్లకు దండం పెట్టి కిందికి పంపేస్తాను. మందు తాగి వచ్చినవాళ్లను, దోస్తులు బలవంతంగా తోస్తే వచ్చినవాళ్లను కూడా. చివరికి ఎనిమిదో పదో మిగులుతారు. షో అంటే వాళ్లే. ఊహ బాగా ఉండి, నలుగురి ముందు ఏదైనా చేయాలని లోపల సరదా ఉన్నవాళ్లు. లేని నిమ్మకాయ ఇస్తే పళ్లు పులిసిపోయినట్టు మొహం పెట్టేది వాళ్లే.

నాకు పేరొచ్చింది మాత్రం హిప్నాటిజం వల్ల కాదు. నమ్మితే నమ్ము.

తెలంగాణ రాకముందు మాట. దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో వినాయక చవితికి యూత్ వాళ్లు పిలిచారు, నాలుగు వేలకు. రాత్రి తొమ్మిదిన్నరకు మొదలైంది. తొమ్మిది మందిని కూర్చోబెట్టి కళ్లు మూయించాను. ఒకడు తల వాల్చేశాడు, ఇరవై రెండేళ్లుంటాయేమో. అందరికీ సూచనలిచ్చాను: ఒకడు లేని బైకు నడిపాడు, ఒకడు పసిపిల్లాడిలా ఏడ్చాడు. వీడు కదల్లేదు. కాసేపటికి గురక. మైకు దగ్గరే ఉంది కదా, ఆ గురక ఊరంతా వినపడింది. జనం ఈలలే ఈలలు.

నాకు మాత్రం చెమటలు. ఎందుకంటే హిప్నాటిజంలో ఉన్నవాడు గురక పెట్టడు, మన మాట వింటూనే ఉంటాడు. ఈ పేరును ప్రచారంలోకి తెచ్చిన జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లాండ్ డాక్టరే గ్రీకులో నిద్ర అనే మాట నుంచి దాన్ని తీసుకుని, తర్వాత అది నిద్ర కాదని తెలిసి 1847లో పేరు మార్చాలని చూశాడు. అప్పటికే పేరు అంటుకుపోయింది.

ఒకటి నుంచి ఐదు లెక్కపెట్టాను. ఎనిమిది మంది లేచారు, వీడు లేవలేదు. భుజం తట్టినా లేవలేదు. ఇంతలో వాళ్లమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ఓ సారూ, నా కొడుకుకు ఏం జేసినవ్? బాణామతి చేసినవా? లేపుతవా లేదా?" వెనకనుంచి ఎవరో "పట్టుకోండ్రి" అన్నారు. మా వైపు బాణామతి అనే మాట వినపడిందంటే నవ్వులాట అయిపోయినట్టే. ఆ పేరు మీద మనుషుల్ని చెట్టుకు కట్టేసి కొట్టిన ఊళ్లున్నాయి.

నేను గొంతు తగ్గించి అడిగాను: "అమ్మా, రాత్రి వీడు యాడున్నడు?"

"యాడుంటడు? మూడు రాత్రులాయె, బోరు కాడనే ఉండు. కరెంటు ఎప్పుడొస్తదో తెల్వకపాయె."

అప్పట్లో త్రీఫేజ్ కరెంటు రాత్రిపూట విడతలుగా ఇచ్చేవాళ్లు. చెంబెడు నీళ్లు తెప్పించి మొహం మీద కొట్టాను. వాడు ఉలిక్కిపడి లేచి అడిగిన మొదటి మాట, "అమ్మా, కరెంటొచ్చిందా?"

జనం పడీపడీ నవ్వారు. వాడు నిజంగానే నిద్రపోయాడని మైకులో చెప్పాను కూడా. ఎవరూ నమ్మలేదు, సారు గొప్పలకు పోవట్లేదని ఇంకా మెచ్చుకున్నారు. ఆ వారంలోనే మూడు ఊళ్లు పిలిచాయి. 2018 జనవరిలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు మొదలయ్యాక అట్లాంటి నిద్రమొహాలు స్టేజ్ మీద తగ్గాయి. ఇప్పుడొచ్చేవాళ్లు ఫోన్ చూసి నిద్ర పాడుచేసుకున్నవాళ్లు.

ఎక్కడికెళ్లినా "పట్టాభిరామ్ గారి శిష్యులా?" అని అడుగుతారు. కాదు. ఆయన మేజిక్, హిప్నాటిజం నుంచి వ్యక్తిత్వ వికాసం వైపు వెళ్లారు. డబ్బు కూడా అటువైపే ఉందని నా అభిప్రాయం. పరీక్షల ముందు "జ్ఞాపకశక్తి పెంచుకోండి" అంటే స్కూళ్లు పిలుస్తాయి, ఉత్త హిప్నాటిజం షో అంటే ఆలోచిస్తాయి. పాతికవేలు కట్టించుకుని రెండు రోజుల్లో సర్టిఫికెట్ ఇచ్చే కోర్సుల జోలికి వెళ్లకు. ఇన్నేళ్లలో నన్ను సర్టిఫికెట్ అడిగినవాడు ఒక్కడు లేడు. రెండు కుర్చీల మధ్య మనిషిని పడుకోబెట్టి మీద నిలబడే ఐటమ్ కూడా వద్దు. దానికి హిప్నాటిజం అక్కర్లేదు, నడుం గట్టిగా ఉన్న ఎవడైనా అట్లా పడుకుంటాడు. నడుం పట్టేస్తే మాత్రం తిట్లు నీకే. బ్రిటన్‌లో 1952 నుంచే ఈ షోలకు చట్టం ఉంది, పద్దెనిమిదేళ్లలోపు వాళ్లను హిప్నటైజ్ చేయకూడదు. మన దగ్గర పోలీసులు అడిగేది మైకు పర్మిషన్ ఒక్కటే.

ఇక స్కూళ్ల యాన్యువల్ డే అంటే ముఖ్య అతిథుల ఉపన్యాసాలు. ఏడింటికి మొదలవ్వాల్సిన షో పదింటికి మొదలవుతుంది. అప్పటికి పిల్లలు నేను రాకముందే సగం నిద్రలో ఉంటారు.

సంపాదన అడిగావు కదా. వినాయక చవితి నుంచి దసరా వరకు, మళ్లీ జనవరి నుంచి మార్చి వరకు పని ఉంటుంది. మిగతా నెలలు నేను ట్యూషన్లు చెప్తాను. సగం డబ్బు ఫోన్‌పేలో పడ్డాకే బస్సెక్కు. జడ్చర్ల వైపు ఒక స్కూల్ కరస్పాండెంట్ నాకు రెండేళ్లుగా మూడు వేలు బాకీ. ఎప్పుడు అడిగినా "నన్ను నిద్రపుచ్చి తీసుకో సార్" అని నవ్వుతాడు. నేనూ నవ్వుతాను, వచ్చే ఏడు మళ్లీ ఆయనే పిలవాలి కదా.