సెక్యూరిటీ చెక్‌లో నాయన కంగారు పడకుండా ఉండాలంటే

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న మీ నాయన పోయినసారి ఎయిర్‌పోర్టులో కంగారుపడి అరిచారు, ఈసారి ఏం చేయాలని అడిగారు కదా. నాయన భయం విమానమంటే కాదక్కా, సెక్యూరిటీ చెక్‌లో మీరు పక్కన లేకపోవడం. బెంగళూరులో అక్కడిదాకా బాగానే ఉన్నారని, లైన్లోకి పోయాకే అరిచారని మీరే రాశారు. మగవాళ్ల లైను వేరు, ఆడవాళ్లది వేరు. డిమెన్షియా ఉన్న మనిషికి కూతురు కనబడకుండా పోయి, ఎవరో ఒళ్లు తడుముతుంటే భయం వేయదా?

1. కనీసం 48 గంటల ముందే ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేయండి. చాలామంది వీల్‌చెయిర్ ఒక్కటే అడిగి ఊరుకుంటారు. అది కాళ్లకు సాయం. మీకు కావలసింది మనిషి తోడు. "డిమెన్షియా ఉంది, ఒంటరిగా వదలకూడదు" అని చెప్పి బుకింగ్‌లో డీపీఎన్ఏ (ఇలాంటి వాళ్లకు మనిషి సాయం కావాలని తెలిపే) కోడ్ వేయించండి. చెక్ఇన్ కౌంటర్లో మళ్లీ చెప్పండి. తోడు వచ్చే అతను మగవాళ్ల లైన్లో నాయన పక్కనే ఉండి, అవతల మీకు అప్పగించాలని గట్టిగా అడగండి.

2. బెల్టు, చిల్లర, తాళాలు ముందే బ్యాగులో వేయండి. వెండి మొలతాడు ఉంటే ఇంట్లోనే తీసేయండి. బీప్ అంటే మళ్లీ తడుముతారు.

3. చొక్కా జేబులో చీటీ పెట్టండి: పేరు, మీ నంబరు, జబ్బు సంగతి. ఇంగ్లీషు, హిందీల్లో రాయండి, అక్కడ చెక్ చేసే సీఐఎస్ఎఫ్ (కేంద్ర భద్రతా దళం) వాళ్లందరికీ తెలుగు రాదు. బెంగళూరులో బయటికి కనబడని జబ్బు ఉందని సిబ్బందికి తెలిపే పొద్దుతిరుగుడు పూల మెడపట్టీ కూడా ఇస్తారు, అడగండి.

4. అనంతపురం నుంచి దేవనహళ్లికి (బెంగళూరు ఎయిర్‌పోర్టు ఉన్న ఊరు) దాదాపు మూడు గంటలు, పొద్దున్నే ఫ్లైట్ అయితే రాత్రిపూటే బయలుదేరాలి. మధ్యాహ్నం ఫ్లైట్ నయం. పొద్దుగూకాక చాలామందికి అయోమయం పెరుగుతుంది.

నిద్రమాత్ర మాత్రం డాక్టర్ చెప్పకుండా వేయొద్దక్కా. అయోమయం ఎక్కువై పడిపోయే ప్రమాదం ఉంది.