సర్పంచిగా నిలబడబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

సర్పంచిగా పోటీ చేస్తానన్నావని అక్క ఫోనులో చెప్పింది. సంతోషం. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన అంశాలు 29 ఉన్నాయి. నేను సర్పంచిగా ఉన్న అయిదేళ్లలో నా చేతికి నిజంగా వచ్చినవి వీధి దీపం, మురుగు కాలువ, కుళాయి.

పై నుంచి వచ్చే డబ్బు షరతులతోనే వస్తుంది. కేంద్రం పంచాయతీలకిచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 2021-26 మధ్య 60 శాతాన్ని తాగునీటికి, పారిశుధ్యానికి ముడిపెట్టారు. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్నిబట్టి వాడుకోవచ్చన్నారు, జీతాలకు మాత్రం కాదు. అదైనా చేతికి చిక్కాలి కదా! 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఆ నిధులను పంచాయతీల కరెంటు బకాయిల కింద జమకట్టుకుందని సర్పంచులు రోడ్డెక్కారు. అందుకే గెలిచిన నెలలోనే లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని పంచాయతీ పేరున ఎన్ని మీటర్లున్నాయో లెక్కపెట్టు. ఎండిపోయిన బోరుకు కూడా బిల్లు కట్టిన ఘనత మా ఊరిది.

నీ ఇష్టప్రకారం ఖర్చుపెట్టగలిగేది ఊళ్లో వసూలైన రూపాయే: ఇంటి పన్ను, కుళాయి రుసుము, సంత వేలం, చెరువు చేపల పాట. ఇక్కడే నేను తప్పు చేశాను. ఓటేసినవాళ్లకు కోపం వస్తుందని రెండేళ్లు పన్ను గట్టిగా అడగలేదు. మూడో ఏడు ముందుగా మా అన్నయ్య చేత బాకీ కట్టించి, ఆ రసీదు పట్టుకుని మిగతా గుమ్మాలెక్కాను. అన్నయ్య ఆరు నెలలు మాట్లాడలేదు. పన్ను మాత్రం వచ్చింది.

డబ్బుండీ సంతకం లేకపోతే ఏమవుతుందో తిత్లీ తుపానులో చూశాం. 2018 ఆగస్టులో మా గడువు ముగిసింది. ఎన్నికలు జరగలేదు, సర్పంచుల స్థానంలో ప్రత్యేకాధికారులు వచ్చారు. అక్టోబరు 11న తుపాను మన శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకూలాయి, వాటితోపాటే కరెంటు స్తంభాలూ. ట్యాంకుకు నీళ్లెక్కాలంటే జనరేటరు కావాలి. మేం కూడబెట్టిన డబ్బు ఖాతాలోనే ఉంది, సంతకం పెట్టవలసిన అధికారి మాత్రం మా ఊరు దాకా రాలేకపోయారు. చివరికి ఇంటింటా చందా వేసుకుని అద్దెకు తెచ్చుకున్నాం. మళ్లీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో గాని జరగలేదు.

గ్రామ సచివాలయ సిబ్బంది ఎవరి శాఖకు వారు జవాబు చెప్పుకుంటారు. అరిస్తే పని కాదు. గ్రామసభలో తీర్మానం చేయించి, పుస్తకంలో తేదీ వేయించి, నకలు మండల కార్యాలయంలో ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకో. నేను పంపినవాటిలో సగానికి జవాబే రాలేదు. వచ్చిన సగం ఆ ముద్రల పుణ్యమే.

ఇంకొక మాట. అల్లుడు మంచివాడే, కానీ సమావేశానికి నువ్వే వెళ్లాలి, సంతకం నువ్వే పెట్టాలి.

సంక్రాంతికి వస్తావుగా, నా పాత తీర్మానాల నకళ్లు అటక మీది నుంచి దింపి ఉంచుతాను. ఒక కట్టను చెదలు తిన్నాయి, మిగతావి బాగానే ఉన్నాయి.

మీ మామయ్య